రాత్రి పదింటికి ఇళ్లు చూడటానికి వెళ్లాం: నరసరావుపేట ఇంటి కేస్ స్టడీ

మాస్టారు ఇంటి ప్లాన్ గీయించుకోవడానికి నా ఆఫీసుకి వచ్చింది ఏప్రిల్ చివరి వారంలో. నరసరావుపేటలో అయిదు సెంట్ల స్థలం, పడమర ఫేసింగ్, ముందు ముప్పై అడుగుల రోడ్డు. చేతిలో ఒక కలర్ ప్రింటు ఉంది. ఇంటి ముందు భాగం కింద నుంచి పైదాకా నీలం అద్దం. "అబ్బాయి డాలస్ నుంచి పంపించాడండీ, ఎలివేషన్ ఇలా ఉండాలంటున్నాడు" అన్నారు. మూడు బెడ్‌రూములు, మూడింటికీ ఏసీ పాయింట్లు అడిగారు. ఆయన భార్య కూడా రిటైరైన టీచరే. ఆవిడ ఆ ప్రింటు వైపు చూడలేదు. "అద్దె ఇంట్లో మేడ మీద పోర్షన్‌లో పదకొండు ఎండాకాలాలు గడిపాం బాబూ. రాత్రిపూట నిద్ర పట్టే ఇల్లు కట్టిపెట్టు, చాలు" అన్నారు.

నాకు కావలసింది ఆ ఒక్క మాటే. ప్లాన్ మొదలుపెట్టే ముందు వాళ్లిద్దర్నీ రెండు రోజులు నాతో రమ్మన్నాను. కొన్ని ఇళ్లు చూపిస్తానన్నాను.

ఇళ్లు చూడటమంటే మనవాళ్లు ఆదివారం పొద్దున పదింటికి వెళ్తారు. టైల్స్ చూస్తారు, కిచెన్ కబోర్డులు తెరిచి చూస్తారు, పూజ గది ఎటుందో అడుగుతారు, కాఫీ తాగి వచ్చేస్తారు. పొద్దున పదింటికి ఏ ఇల్లయినా చల్లగానే ఉంటుంది, ఎందుకంటే స్లాబ్ ఇంకా వేడెక్కలేదు. ఎండాకాలంలో ఇల్లు ఎలా ఉంటుందో తెలియాలంటే మే నెలలో, సాయంత్రం అయిదింటికి ఒకసారి, రాత్రి పదింటికి ఇంకోసారి చూడాలి. నేను క్లయింట్లని అలాగే తీసుకెళ్తాను. వెంట పెద్ద సరంజామా ఏమీ ఉండదు. గది గాలి వేడినీ తేమనీ చూపించే చిన్న మీటరు, దూరం నుంచే గోడ, సీలింగ్ వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్, ఒక నోటు పుస్తకం. ఇంటివాళ్లని అడిగే ప్రశ్న కూడా ఒకటే: "మేలో మీరు ఎక్కడ పడుకుంటారు?"

మొదటి ఇల్లు గుంటూరులో. మాస్టారి బంధువులదే, కట్టి మూడేళ్లయింది. మంచి డ్యూప్లెక్స్. పడమర వైపు మెట్ల హాలంతా అద్దం, అచ్చం ఆ ప్రింటులో ఉన్నట్టే. సాయంత్రం అయిదున్నరకి పై అంతస్తు బెడ్‌రూమ్‌లోకి వెళ్లి గన్ పైకి పెడితే సీలింగ్ 43 డిగ్రీలు చూపించింది. టీచరు గారిని స్టూలెక్కించి, అరచెయ్యి సీలింగ్‌కి జానెడు కింద పెట్టమన్నాను. ముట్టుకోవాల్సిన పని లేదు. ఇస్త్రీ పెట్టె దగ్గర చెయ్యి పెట్టినట్టు సెగ తగులుతుంది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, "మా పోర్షన్‌లో ఇదే బాబూ, ఇదే" అన్నారు.

రాత్రి పదింటికి మళ్లీ అదే ఇంటికి వెళ్లాం. బయట గాలి 31కి దిగింది. సీలింగ్ ఇంకా 38 దగ్గరే ఉంది. ఇక్కడ ఒక విషయం వాళ్లకి విడమరిచి చెప్పాను. మన చర్మం వేడి 34, 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. దానికంటే వేడిగా ఉన్న పెద్ద పలక తల మీద ఉంటే అది రాత్రంతా మనలోకి వేడి పంపిస్తూనే ఉంటుంది. ఫ్యాన్ ఆ స్లాబ్ కిందున్న వేడిగాలినే మన మీదికి తోస్తుంది. ఏసీ గాలిని చల్లబరుస్తుంది, కానీ స్లాబ్ వేడి పూర్తిగా తగ్గేదాకా అది ఆగకుండా తిరగాల్సిందే. ఆ ఇంటాయన చెప్పింది కూడా ఇదే. పై గదిలో ఏసీ ఎనిమిదింటికి వేస్తే పదకొండుకి గానీ పడుకోవడానికి వీలవదట. వాళ్లు మేలో పడుకునేది కింద హాల్లో, అందరూ ఒకేచోట.

ఇంత వేడి ఎక్కడిదో మాస్టారికి లెక్క వేసి చూపించాను. ఆయన లెక్కల మాస్టారు, కాబట్టి అది ఆయనకి నచ్చే పద్ధతి. అయిదంగుళాల వట్టి స్లాబ్‌కి యూ-వాల్యూ సుమారు 3.3 వస్తుంది. అంటే పైకీ కిందకీ ఒక డిగ్రీ తేడా ఉంటే ఒక్కో చదరపు మీటరు గుండా 3.3 వాట్ల వేడి కిందికి దిగుతుంది. మధ్యాహ్నం స్లాబ్ పైభాగం 60 డిగ్రీలకి చేరి, గది 32 ఉందనుకుంటే తేడా 28. మాస్టారు కట్టబోయే ఇంటి కప్పు 1,150 చదరపు అడుగులు, అంటే 107 చదరపు మీటర్లు. మూడూ గుణిస్తే దాదాపు 9,900 వాట్లు. ఒక టన్ను ఏసీ తీసేది 3,500 వాట్ల వేడి. స్థూలమైన లెక్కే, స్లాబ్ వేడిని కొంతసేపు తనలో దాచుకుంటుంది గనక అంతా ఆ గంటలోనే దిగదు. కానీ కప్పు ఒక్కదాని వేడి తీయడానికే దాదాపు మూడు టన్నుల ఏసీ పని చెయ్యాలని మాస్టారు కాగితం మీద రాసుకుని, రెండుసార్లు గీత గీశారు.

మర్నాడు మధ్యాహ్నం రెంటచింతల వైపు వెళ్లాం. రాష్ట్రంలో ఎండ గురించి వార్త వస్తే ముందు ఆ ఊరి పేరే వినపడుతుంది. అక్కడికి దగ్గర్లో ఒక పల్లెలో నాకు తెలిసిన మట్టి మిద్దె ఉంది. గోడలు నాపరాయి, రెండడుగుల మందం. పైన దూలాలు, వాసాలు, వాటి మీద నాపబండలు, ఆ పైన అడుగు మందాన చవుడు మట్టి. వెలుతురు కోసం మిద్దెలో ఒక చిన్న కంత, దాని మీద మూత. బయట వడగాలి మొహాన కొడుతుంటే గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టగానే కళ్లు చీకట్లు కమ్మి, ఒంటికి హాయిగా అనిపించింది. మూడున్నరకి బయట 44, లోపల 33. గోడకి వీపు ఆనించి కూర్చుంటే చల్లగా తగిలింది. మాస్టారు అక్కడే తీర్మానించేశారు: "మనం కూడా గోడలు రెండడుగులు పెడదామండీ."

నేను ఆ ఇంటి పెద్దమ్మని నా ప్రశ్న అడిగాను. "ఎక్కడ పడుకుంటావు పెద్దమ్మా ఎండాకాలంలో?"

"ఇంట్లో ఎవురు పడుకుంటారయ్యా? వాకిట్లోనే. నులకమంచం ఏసుకుంటే తెల్లారేదాకా సుఖం. రేత్రి ఇల్లు ఉడికిపోద్ది."

ఈ మాట కోసమే వాళ్లని అంత దూరం తీసుకెళ్లాను. అంత మందం మట్టి వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. మధ్యాహ్నం మిద్దె మీద పడిన ఎండ లోపలికి చేరేసరికి పది గంటలపైనే పడుతుంది. కాబట్టి పగలు ఇల్లు చల్లన, అర్ధరాత్రి వేళకి ఆ గోడలూ మిద్దే దాచుకున్న వేడిని వదులుతుంటాయి. లోపల గాలి కదిలే దారి కూడా తక్కువ. ఆ కాలంలో అది లోపం కాదు. పగలు ఇంట్లో, రాత్రి వాకిట్లో, ఇదీ వాళ్ల బతుకు. ఇల్లు, వాకిలి కలిపితేనే ఆ డిజైన్ పూర్తవుతుంది. ఇప్పుడు మన దగ్గర వాకిలి లేదు, ఉన్నచోట రోడ్డు మీదికి ఉంది, డాబా మీద పడుకుంటే దోమలు, దొంగల భయం. "మన పెద్దవాళ్ల ఇళ్లు ఎంత చల్లగా ఉండేవో" అంటూ మందం గోడలు మాత్రం తెచ్చుకుని, తలుపులు బిగించుకుని లోపలే పడుకుంటే మనకి మిగిలేది ఆ పెద్దమ్మ వద్దనుకున్న రాత్రి.

సాయంత్రం ఎదురు దారి పట్టి తెనాలి వైపు వెళ్లాం. చాలా దూరం, మాస్టారు కొంచెం విసుక్కున్నారు కూడా. అక్కడ చూపించింది మండువా లోగిలి. నడుమ ఆకాశం కనపడే మండువా, చుట్టూ వసారా, పైన పెంకులు, లోపలి గదుల మీద చెక్క అటక. పెంకుటిల్లు కథ మట్టి మిద్దెకి సరిగ్గా తిరగేసి ఉంటుంది. మధ్యాహ్నం పెంకు అడుగుభాగం మండిపోతుంది. కాకపోతే అది మనిషి తల నుంచి పది పన్నెండు అడుగుల పైన ఉంటుంది, నడుమ అటక అడ్డం ఉంటుంది, పెంకుల సందుల్లోంచి వేడిగాలి తనంతట తాను బయటికి పోతుంది. పలుచని పెంకులో వేడి దాగే చోటు లేదు గనక పొద్దుగుంకిన గంటలోనే చల్లారిపోతుంది. మేం వెళ్లేసరికి రాత్రి తొమ్మిది. పెంకు వేడి, బయటి గాలి వేడి దాదాపు ఒకటే, 30, 31. దక్షిణం నుంచి పైరగాలి వస్తోంది, మండువా మీదుగా పైకి పోతోంది. అయితే తెనాలి డెల్టా. తేమ ఎక్కువ. ఒంటికి చెమట పట్టి ఆరడం లేదు, గాలి కదులుతున్నందువల్లే కూర్చోగలిగాం. ఆ ఇంటివాళ్లు మేలో పడుకునేది వసారాలో, ఒక్క ఫ్యాన్ కింద.

తిరుగు ప్రయాణంలో కారులో టీచరు గారు అన్న మాట నేను నోటు పుస్తకంలో రాసుకున్నాను. "అయితే బాబూ, మనకి పగలు ఆ మిద్దె కావాలి, రాత్రి ఈ పెంకుటిల్లు కావాలి." ఇంతకంటే బాగా ఏ ఇంజనీరూ చెప్పలేడు. ఇంటి మొత్తం డిజైన్ ఆ వాక్యం మీదే నడిచింది.

మరో రెండు ఇళ్లు కూడా చూశాం. వాటి గురించి తొందరగా చెప్పేస్తాను. సత్తెనపల్లిలో పాతికేళ్ల నాటి మామూలు స్లాబ్ ఇల్లు. ఆ ఇంటాయన ఏటా ఉగాదికి ముందు పిడుగురాళ్ల నుంచి సున్నం తెప్పించి, రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం ఫెవికాల్ కలిపి డాబా మీద మూడు పూతలు వేయిస్తారు. సాయంత్రం సీలింగ్ 37. డ్యూప్లెక్స్ సీలింగ్‌తో పోలిస్తే ఆరు డిగ్రీలు తక్కువ, అయిన ఖర్చు కొద్ది వేలు. వానలకి సగం కొట్టుకుపోతుంది, దుమ్ము పట్టి తెలుపు మాస్తుంది, మళ్లీ వేయించాలి. అయినా అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి, డబ్బు లేనివాళ్లకి ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ మూలసూత్రం కూడా ఇదే: డాబా తెల్లగా ఉంటే ఎండ వెనక్కి పోతుంది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పుల్ని అలా మార్చాలని వాళ్ల లక్ష్యం.

ఇంకోటి తేలికపాటి ఏఏసీ బ్లాకులతో, అంటే లోపలంతా గాలి బుడగలుండే సిమెంటు దిమ్మెలతో కట్టిన కొత్త ఇల్లు. "ఈ బ్లాకులు వేస్తే ఇల్లు చల్లగా ఉంటుంది" అని చెప్పి అమ్మారట. గోడ విషయంలో నిజమే, ఎనిమిదంగుళాల బ్లాకు గోడ వేడిని తొమ్మిదంగుళాల ఇటుక గోడలో సగం కూడా పోనివ్వదు. కానీ పైన వట్టి స్లాబ్, పడమర కిటికీలకి సజ్జ పేరుకి తొమ్మిదంగుళాలు. సాయంత్రం నాలుగింటికి ఎండ నేరుగా మంచం మీద పడుతోంది. లోపలికి వచ్చిన వేడిని ఆ గోడలు రాత్రి బయటికీ పోనివ్వవు. ఒక్క మెటీరియల్ కొని ఇల్లు చల్లబరచలేమని చెప్పడానికి నాకు దీనికంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇక మేం కట్టిన మాస్టారి ఇంటి సంగతి.

నా దృష్టిలో వరస ఇది: ముందు కప్పు, తర్వాత పడమర, తర్వాత రాత్రి గాలి. డబ్బులు కూడా ఆ వరసలోనే ఖర్చు పెట్టాలి. నరసరావుపేట ఉన్నది 16.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నీడ పాదాల కిందే పడుతుంది. అప్పట్నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకి ఉత్తరం వైపు ఉంటాడు. దక్షిణం వైపు ఎండ ఎక్కువని చాలామంది భయపడతారు. అది చలికాలపు ఎండ. మే, జూన్‌లో దక్షిణపు గోడ మీద ఎండ చాలా తక్కువ. దెబ్బ కొట్టేది కప్పు మీద, పడమర గోడ మీద, ఉత్తరపు కిటికీల్లోంచి పొద్దునా సాయంత్రం ఏటవాలుగా వచ్చేది. అందుకే ఉత్తరం కిటికీలకి పైన సజ్జతో పాటు పక్కన నిలువు పలకలు కూడా పెట్టాం. ఆ పలకలు ఎందుకో మేస్త్రికి అర్థం కాలేదు. జూన్‌లో ఒకరోజు సాయంత్రం ఆరింటికి సైటుకి పిలిచి, ఉత్తరం గోడ మీద పాకుతున్న ఎండని చూపించాను.

కప్పుకి సూత్రం ఒకటే, వేడిని స్లాబ్ పైనే ఆపాలి. కింద జిప్సం ఫాల్స్ సీలింగ్ వేస్తే స్లాబ్ ఎలాగూ వేడెక్కుతుంది, ఆ వేడి మన నెత్తికీ స్లాబ్‌కీ మధ్యనే ఉంటుంది. అందుకని స్లాబ్ పైన వాటర్‌ప్రూఫింగ్, దాని మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డులు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలకలు), ఒక వరస అతుకుల మీద రెండో వరస అతుకులు పడకుండా మార్చి మార్చి. ఆ పైన పాలిథీన్ షీటు, కోళ్ల జాలీ వేసి రెండంగుళాల కాంక్రీటు, పైన తెల్ల టైల్ ముక్కలు. దీనికి యూ-వాల్యూ 0.5 దగ్గర వచ్చింది. ఇళ్ల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో కప్పుకి పెట్టిన పరిమితి 1.2. ఇందాకటి లెక్కే మళ్లీ వేసుకోండి: తెల్ల కప్పు 45 డిగ్రీలు, గది 32, తేడా 13, యూ-వాల్యూ 0.5, కప్పు 107 చదరపు మీటర్లు. సుమారు 700 వాట్లు. 9,900 ఎక్కడ, 700 ఎక్కడ! బోర్డులు, కాంక్రీటు, టైలు ముక్కలు, కూలీ అన్నీ కలిపి లక్షా తొంభై వేలయింది. మాస్టారు మూడు ఏసీల్లో రెండు మానేశారు, నీలం అద్దం మొత్తం మానేశారు. లెక్క దాదాపు సరిపోయింది.

బోర్డు పైన ఉండటం వల్ల ఇంకో మేలుంది. స్లాబ్ బరువంతా ఇంటి లోపలి వైపుకి వచ్చేస్తుంది. రాత్రి కిటికీలు తెరిస్తే ఆ కాంక్రీటు చల్లబడి, పగలంతా ఆ చలవని కొంతవరకు నిలుపుకుంటుంది. టీచరు గారు అడిగిన మిద్దె, పెంకుటిల్లు ఇలా ఒకే కప్పులో కలిశాయి.

పడమర విషయంలో వాస్తుతో గొడవ వస్తుందని ముందే ఊహించాను. పెద్ద బెడ్‌రూమ్ నైరుతిలోనే ఉండాలన్నారు మాస్టారు. ఎండ లెక్క ప్రకారం ఇంట్లో అన్నిటికంటే వేడి మూల అదే. నేను వాదించలేదు. పడమర, దక్షిణం బరువుగా ఉండాలని వాస్తు చెప్పే మాట ఆయనకీ తెలుసు. ఆ మాటే పట్టుకుని, బెడ్‌రూమ్‌కి పడమర వైపు బయట డాబా మెట్లు పెట్టాం. మెట్లు, మెట్ల గోడ సాయంత్రపు ఎండని అడ్డుకుంటాయి, బెడ్‌రూమ్ గోడ నీడలో ఉంటుంది. ఆ గోడకి లోపలివైపు అల్మారా. మిగతా పడమర ముఖానికంతా ఏడడుగుల వరండా, ముందు చెక్క జాలీ. అద్దం ఎలివేషన్ స్థానంలో వచ్చింది ఈ వరండానే. కొడుక్కి ఫొటో పంపితే మొదట నచ్చలేదు.

పడమర, దక్షిణం గోడలు ర్యాట్ ట్రాప్ బాండ్‌లో కట్టాం. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, గోడ మధ్యలో ఖాళీ వదిలే పద్ధతి. తిరువనంతపురంలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ దీన్ని ఎన్నో ఇళ్లలో వాడి చూపించారు. ఇటుకలు పావువంతు దాకా మిగులుతాయి, మధ్యలోని గాలి వేడిని కొంత ఆపుతుంది. మా తాపీ మేస్త్రికి ఇది కొత్త. మొదటి రెండు వరసలు నేనే దగ్గరుండి ఇటుక ఇటుకా పెట్టించాను. మూడోరోజుకి చెయ్యి తిరిగింది.

ఇక్కడ ఒక తప్పు జరిగింది, అది నాదే. కరెంటు పైపుల డ్రాయింగ్ గోడ కట్టేముందు ఇవ్వలేదు. మామూలు గోడలో ఎలక్ట్రీషియన్ తర్వాత వచ్చి గాడి కొట్టుకుంటాడు, ఏమీ కాదు. ఈ గోడలో ఇటుక అంచు మీద నిలబడి ఉంటుంది, దాని మందం మూడంగుళాలే. నేను సైట్‌లో లేని రోజు దక్షిణం గోడకి ఆయన గాడి కొట్టడం మొదలుపెట్టాడు. ఫోను వచ్చేసరికి ఎనిమిది అడుగుల పొడవున ఇటుక ముఖాలు పగిలిపోయి, లోపలి ఖాళీ కనిపిస్తోంది. మాస్టారి ముఖం చూడలేకపోయాను. ఆ భాగం విప్పి, పైపుని ఖాళీలోంచే నిలువుగా దింపి, మళ్లీ కట్టించాం. నాలుగు రోజులు, ఖర్చు నేనే పెట్టుకున్నాను. ర్యాట్ ట్రాప్ గోడ కట్టే ఎవరికైనా నేను ముందు చెప్పే మాట ఇదే: స్విచ్ బోర్డులు ఎక్కడో తేలకుండా మొదటి ఇటుక పెట్టకండి.

రాత్రి గాలి కోసం దక్షిణం వైపు కిటికీలు మంచం ఎత్తుకి కిందికి దించాం, ఎదురుగా తలుపుల పైన వెంటిలేటర్లు పెట్టాం. పాత ఇళ్లలో గుమ్మం పైన ఉండే వెంటిలేటర్‌ని ఏసీలు వచ్చాక అందరూ మూసేశారు. కింద నుంచి పైరగాలి రావాలి, పైనుంచి వేడిగాలి పోవాలి. కిటికీ తెరవకపోవడానికి మనవాళ్లు చెప్పే కారణాలు రెండే, దోమలు, దొంగలు. అందుకే ప్రతి కిటికీకి బయట గ్రిల్లు, లోపల దోమతెర తలుపు విడిగా. ఫ్యాన్లు తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారువి పెట్టించాం. పాత ఫ్యాన్ 75 వాట్లు తినేచోట ఇవి 30 దగ్గర తింటాయి. డాబా మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకుకి రేకు నీడ వేయించాం. మేలో మధ్యాహ్నం పంపు తిప్పితే చేతులు కాలే బాధ నరసరావుపేటలో అందరికీ తెలిసిందే.

గృహప్రవేశం ఫిబ్రవరిలో అయింది. మేలో ఒక సాయంత్రం గన్ పట్టుకుని వెళ్లాను, రాత్రి పదింటికి మళ్లీ వెళ్లాను. ఆ రోజు పగలు బయట 44 దాటింది. పదింటికి పెద్ద బెడ్‌రూమ్ సీలింగ్ 33, గది గాలి 32, బయట 30. డ్యూప్లెక్స్ సీలింగ్ అదే వేళకి 38 ఉందని గుర్తు చేసుకుంటే నాకు చాలా సంతోషం కలిగింది. అయితే అంతా సవ్యంగా లేదు. సీలింగ్ మీద గన్‌ని మెల్లగా జరుపుకుంటూ పోతే, పడమర అంచున అడుగు వెడల్పు పట్టీ 36 చూపించింది. సజ్జ స్లాబ్‌తో కలిసి ఒకే కాంక్రీటుగా బయటికి పొడుచుకొచ్చింది గదా, ఎండలో ఆ సజ్జ కాలి, వేడిని లోపలి స్లాబ్‌లోకి మోసుకొస్తోంది. పిట్టగోడ అడుగున కూడా అదే సంగతి. బోర్డుని పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు మడిచి ఉంటే బాగుండేది. ఇప్పుడు కడుతున్న ఇళ్లలో సజ్జని స్లాబ్ నుంచి విడదీసి, లింటెల్ (కిటికీ పైన వేసే కాంక్రీటు దూలం) ఎత్తులో పెడుతున్నాను.

అలవాటు పడటానికి వాళ్లకి రెండు వారాలు పట్టింది. పొద్దున తొమ్మిదింటికే కిటికీలన్నీ మూసెయ్యాలి, సాయంత్రం బయటి గాలి లోపలి కంటే చల్లబడ్డాకే తెరవాలి. మొదట్లో మాస్టారు పాత అలవాటు కొద్దీ "గాలి రావాలి కదా" అని మధ్యాహ్నం మూడింటికి కిటికీలు తెరిచి వడగాలిని లోపలికి పిలిచేవారు. హాల్లో ఒకటి, వరండాలో ఒకటి రెండు చవక థర్మామీటర్లు కట్టాను. బయటిది తక్కువ చూపిస్తే తెరవాలి, ఎక్కువ చూపిస్తే మూయాలి. ఆయన వాటిని రోజూ ఆరుసార్లు చూసి పుస్తకంలో రాస్తున్నారు.

ఏసీ ఒకటి ఉంది, బెడ్‌రూమ్‌లో. మే నెలలో రాత్రి పదిన్నర నుంచి రెండు మూడు గంటలు వేసుకున్నారు, 26 మీద, ఫ్యాన్ తిరుగుతుండగానే. ఆ నెల బిల్లు 290 యూనిట్లు. పాత పోర్షన్‌లో అంతకు ముందు మేలో వాళ్లు కట్టింది 480 యూనిట్లకి, అదీ రెండు గదులకి. జూన్ మొదట్లో వానలు పడబోయే ముందు వచ్చే ఉక్కపోతకి మాత్రం ఈ ఇంటి దగ్గర పూర్తి జవాబు లేదు. తేమ ఎక్కువైనప్పుడు గోడా కప్పూ ఏమీ చెయ్యలేవు, గాలి కదలాలి, లేదంటే ఏసీ వెయ్యాలి. ఆ పది పన్నెండు రోజులు వాళ్లు ఏసీ తెల్లవార్లూ వేసుకున్నారు. ఆ మాట నేను కొత్త క్లయింట్లకి ముందే చెప్తాను.

డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టడానికి చోటు వదిలాం. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ వస్తుందని మాస్టారు అప్పుడే అప్లికేషన్ వివరాలు కనుక్కున్నారు. తొందర లేదన్నాను. ముందు ఇంటికి ఎంత కరెంటు కావాలో రెండు ఎండాకాలాలు చూసి, ఆ తర్వాత ప్యానెళ్ల సైజు తేల్చుకుంటే డబ్బు వృథా కాదు. ప్యానెళ్లు ఎత్తు మీద పెడితే డాబాకి నీడ కూడా ఇస్తాయి.

ఈ మేలో ఇంకో జంటని ఇళ్లు చూపించడానికి తీసుకెళ్లాను. వరసలో మట్టి మిద్దె ఉంది, మండువా లోగిలి ఉంది, ఇప్పుడు మాస్టారి ఇల్లు కూడా ఉంది. నరసరావుపేట చేరేసరికి రాత్రి పది దాటింది. కరెంటు పోయి అరగంట అయిందట, వీధంతా చీకటి. పక్కిళ్ల వాళ్లు రోడ్డు మీద కుర్చీలు వేసుకుని విసనకర్రలతో కూర్చున్నారు. మాస్టారు టార్చి పట్టుకుని తలుపు తీసి, లోపలికి రమ్మని సైగ చేసి, గొంతు తగ్గించి అన్నారు: "చూడండి గానీ, కొంచెం మెల్లగా మాట్లాడండి. టీచరు గారు నిద్రపోతున్నారు."